వెతికిన మాట వెనక ఉన్న అవసరం

తల్లిదండ్రుల పాఠం: 6 నుంచి 10 తరగతుల పిల్లలున్న ఇళ్లకు



ఈ వారం మీ ఇంట్లో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఎన్నిసార్లు ఏదో ఒకటి వెతికి ఉంటారు? హోంవర్క్ సమాధానం, బంగారం ధర, రైలు టైము, దగ్గుకు చిట్కా, కొత్త సినిమా టికెట్లు... లెక్క పెట్టడం కష్టమే. అలా వెతికినప్పుడు మనం టైప్ చేసేది రెండు మూడు మాటలు. మన మనసులో ఉన్నది మాత్రం అంతకంటే చాలా పెద్దది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే ఈ నెల పాఠం.

ఈ విషయం తెలిస్తే మూడు లాభాలున్నాయి. పిల్లల చదువుకు కావలసింది తొందరగా దొరుకుతుంది. డబ్బు పోగొట్టుకునే ప్రమాదం తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలు వెతికిన మాటలు మన కంట పడినప్పుడు వాళ్లను తప్పుగా అర్థం చేసుకోకుండా ఉంటాం.

1. అడిగేది ఒకటి, కావలసింది ఇంకొకటి

ఇంటర్నెట్ రాకముందే ఈ సమస్యను గమనించినవాళ్లు లైబ్రేరియన్లు. అమెరికాకు చెందిన రాబర్ట్ టేలర్ 1968లో ఒక వ్యాసంలో దీన్ని వివరించారు. మనిషికి కలిగే సందేహం నాలుగు మెట్లు దిగి లైబ్రేరియన్ దగ్గరికి వస్తుందని ఆయన చెప్పారు. మొదటి మెట్టులో ఏదో తెలియడం లేదన్న అస్పష్టమైన వెలితి ఉంటుంది. రెండో మెట్టులో అది మనసులో ఒక రూపానికి వస్తుంది, కానీ గజిబిజిగానే ఉంటుంది. మూడో మెట్టులో స్పష్టమైన ప్రశ్న అవుతుంది. నాలుగో మెట్టులో, ‘ఇక్కడ ఇలా అడిగితేనే దొరుకుతుందేమో’ అనుకుని మనిషి తన ప్రశ్నను కుదించి, మార్చి అడుగుతాడు. లైబ్రేరియన్ చెవిన పడేది ఈ నాలుగో రూపమే. అందుకే మంచి లైబ్రేరియన్ వెంటనే పుస్తకం తీసి ఇవ్వడు. ‘ఇది దేనికోసం?’ అని ముందు అడుగుతాడు.

మన పిల్లలు సెర్చ్ పెట్టెలో టైప్ చేసేది కూడా ఆ నాలుగో రూపమే. తేడా ఒక్కటే. అక్కడ ‘దేనికోసం?’ అని తిరిగి అడిగే మనిషి ఉండడు. ఆ పని ఇంట్లో మీరు చేయవచ్చు. ఏడో తరగతి అమ్మాయికీ నాన్నకూ మధ్య ఇలాంటి సంభాషణ ఊహించండి.

‘ఏం వెతుకుతున్నావమ్మా?’

‘వాటర్ సైకిల్ నాన్నా. అరగంట నుంచి చూస్తున్నా, ఏవేవో వస్తున్నాయి.’

‘దేనికోసం? పరీక్షకా?’

‘కాదు, సోమవారం చార్ట్ పెట్టాలి. బొమ్మ గీసి పేర్లు రాయాలి.’

‘అయితే నీకు కావలసింది పాఠం కాదు, బొమ్మ. నీ తరగతి, బొమ్మ, పేర్లు అన్న మాటలు కలిపి వెతుకు.’

‘ఆవిరయ్యే నీళ్లలో ఉప్పు ఎక్కడికి పోతుందో కూడా టీచర్ అడుగుతారట నాన్నా.’

‘అది వేరే ప్రశ్న. దాన్ని విడిగా వెతుకు.’

ఇక్కడ నాన్నగారికి సైన్సు తెలియనక్కర్లేదు. ఒక మాట వెనక రెండు అవసరాలున్నాయని బయటికి తీశారు, అంతే. అరగంట పని ఐదు నిమిషాల్లో అయింది.

2. వెతుకులాటలో మూడు రకాలు

2002లో ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, అప్పట్లో పేరున్న ఆల్టావిస్టా సెర్చ్ ఇంజిన్‌లో జనం వెతికిన ప్రశ్నలను పరిశీలించి వాటిని మూడు రకాలుగా విడదీశారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు నేటికీ ఆ విభజనతోనే మొదలుపెడతారు.

తెలుసుకోవడానికి వెతకడం: ‘ఆకులు ఎందుకు పండుతాయి’, ‘పానిపట్టు యుద్ధాలు’ లాంటివి. ఒక విషయం అర్థం కావాలి. బ్రోడర్ పరిశీలించిన ప్రశ్నల్లో దాదాపు 48 శాతం ఇలాంటివి.

పని పూర్తిచేయడానికి వెతకడం: టికెట్ కొనాలి, ఫారం నింపాలి, యాప్ దించుకోవాలి, ఆట ఆడాలి. ఇవి దాదాపు 30 శాతం.

ఒక చోటికి చేరడానికి వెతకడం: బ్యాంకు సైటు, పరీక్షల బోర్డు సైటు, స్కూలు పోర్టల్ లాంటివి. ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసు, దారి కోసం వెతుకుతాం. ఇవి దాదాపు 20 శాతం.

ఆ లెక్కలు పాతికేళ్ల కిందటి ఇంగ్లీషు ప్రశ్నలవి కాబట్టి ఈనాటి మన ఇళ్లకు అంకెలు అలాగే వర్తించవు. విభజన మాత్రం చక్కగా వర్తిస్తుంది. ఎందుకంటే ఏ రకంగా వెతుకుతున్నామో దాన్ని బట్టి మనం తీసుకోవలసిన జాగ్రత్త మారుతుంది.

తెలుసుకోవడానికి వెతికేటప్పుడు ఒక్క సమాధానంతో ఆగకూడదు. కనీసం రెండు చోట్ల చూసి, పాఠ్యపుస్తకంతో పోల్చుకోవాలి. పేజీ పైభాగాన యంత్రమే రాసి చూపే సారాంశానికి కూడా ఇదే నియమం.

పని పూర్తిచేయడానికీ ఒక చోటికి చేరడానికీ వెతికేటప్పుడు ప్రమాదం వేరు. కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, మోసగాళ్లు పెట్టిన నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్న సంఘటనలు పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. సమస్యలో ఉన్న మనిషి తొందరలో ఉంటాడు, పైన కనిపించినదాన్నే నొక్కుతాడు. మోసగాడికి తెలిసింది సరిగ్గా అదే. మనం ఏ అవసరంలో ఏ మాట టైప్ చేస్తామో అతడు ముందే ఊహించి అక్కడ కాచుకుని ఉంటాడు. కాబట్టి బ్యాంకు నంబరును కార్డు వెనకో పాస్‌బుక్ మీదో చూసుకోండి. ఫలితాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉంటే అది ప్రకటన అని పిల్లలకు చెప్పండి. ప్రభుత్వ సైటు చిరునామా సాధారణంగా డాట్ జీఓవీ డాట్ ఇన్ అనీ, విద్యాసంస్థలది డాట్ ఏసీ డాట్ ఇన్ అనీ ముగుస్తుంది. ఫీజు కట్టే ముందు ఆ చివరి అక్షరాలు చూడటం అలవాటు చేయండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. అది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్.

3. మన మనసులో మాట యంత్రానికి ఎలా తెలుస్తుంది?

తెలియదు, ఊహిస్తుంది. ఆ ఊహ ఎలా సాగుతుందో పిల్లలకు చెప్తే వాళ్లు బాగా వెతకడం నేర్చుకుంటారు.

‘సెల్’ అనే మాట తీసుకోండి. బయాలజీలో అది కణం, ఫిజిక్స్‌లో బ్యాటరీ, ఇంట్లో ఫోను. ‘మెర్క్యురీ’ అంటే గ్రహమూ కావచ్చు, పాదరసమూ కావచ్చు. ఒక్క మాటే ఇస్తే యంత్రం ఎక్కువమంది ఏది కోరుకున్నారో చూసి దాన్ని ముందు పెడుతుంది. ఎక్కువమంది కోరింది మీ అబ్బాయికి కావలసింది కాకపోవచ్చు. పక్కన ఇంకో మాట చేరిస్తే చిక్కు విడిపోతుంది.

సమయమూ ఊరూ కూడా ఊహలో భాగమే. మన రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఎంసెట్. మెడికల్ సీట్లు నీట్‌కు మారిన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది. అయినా చాలామంది ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు, అనే టైప్ చేస్తారు. యంత్రం ఆ పాత పేరు వెనక ఉన్న కొత్త పరీక్షను పట్టుకుంటుంది. పరీక్షకు ముందు అదే మాట వెతికేవారికి హాల్ టికెట్ కావాలి, తర్వాత ఫలితం కావాలి, ఆ తర్వాత కౌన్సెలింగ్ తేదీలు కావాలి. మాట మారలేదు, అవసరం మారింది. ఇక విజయవాడలో ఉన్నవారికి ఒక రాష్ట్రం పరీక్ష, వరంగల్‌లో ఉన్నవారికి ఇంకో రాష్ట్రం పరీక్ష కావాలి. పక్క రాష్ట్రంలో చదివే పిల్లలున్నవారు రాష్ట్రం పేరు, సంవత్సరం తప్పకుండా చేర్చాలి. లేకపోతే నిరుటి తేదీలు చూసి ఈ ఏడాదివి అనుకునే ప్రమాదముంది.

ఇంకో ఉదాహరణ మన తెలుగు టీచర్లకు నచ్చేది. 2019లో గూగుల్ సంస్థ బెర్ట్ అనే కొత్త పద్ధతిని తన సెర్చ్‌లో ప్రవేశపెడుతూ ఒక ప్రశ్నను చూపించింది. బ్రెజిల్ నుంచి అమెరికాకు వెళ్లే ప్రయాణికుడికి వీసా కావాలా అన్నది ఆ ప్రశ్న. ఇంగ్లీషులో ‘టు’ అనే చిన్న మాటే ఆ ప్రయాణం ఎటువైపో చెబుతుంది. అంతకుముందు యంత్రం దాన్ని సరిగా పట్టించుకోక, అమెరికా నుంచి బ్రెజిల్‌కు వెళ్లేవారి సమాచారం చూపేది. మన భాషలో ఆ పని చేసేవి విభక్తులు. ‘బ్రెజిల్ నుంచి అమెరికాకు’, ‘అమెరికా నుంచి బ్రెజిల్‌కు’ అన్న రెండిటిలో ఊళ్లు అవే, విభక్తులు చోటు మారాయి, ప్రయాణం తిరగబడింది. విభక్తులు పరీక్షలో మార్కుల కోసమే అనుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. వెతికేటప్పుడు ముక్కలు ముక్కలుగా కాకుండా పూర్తి ప్రశ్న రాయడం ఇప్పుడు మంచి పద్ధతే.

4. యంత్రానికి కనిపించనిది

ఇంత ఊహించినా యంత్రానికి తెలియనివి కొన్ని ఉన్నాయి. ఇంటి ఫోన్‌లో, అమ్మ అకౌంట్‌తో వెతుకుతున్నది పన్నెండేళ్ల పాప అని దానికి తెలియదు. ఆ పాప ఎందుకు అడుగుతోందో అసలే తెలియదు.

‘బరువు తొందరగా తగ్గడం ఎలా’ అన్న ప్రశ్న చూడండి. నలభై ఏళ్ల మనిషి డాక్టరు చెప్పాక వెతికితే దాని అర్థం ఒకటి. ఏడో తరగతి పాప వెతికితే వేరు. క్లాసులో ఎవరో ఎగతాళి చేసి ఉండవచ్చు. యాన్యువల్ డేకు వేసుకునే డ్రెస్ గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. యంత్రం మాత్రం ఇద్దరికీ ఒకేలాంటి డైట్ చార్టులు చూపుతుంది. ఎదిగే వయసులో అన్నం మానేయడం ఎంత హానో మీకు తెలుసు. ఆ పాపకు అసలు కావలసింది చార్టు కాదు, ‘ఎవరేమన్నారమ్మా?’ అని మెల్లగా అడిగే మనిషి.

అందుకే పిల్లలకు వాళ్ల వయసు తెలిపే సొంత అకౌంట్ పెట్టి, పెద్దల పర్యవేక్షణ సెట్టింగులు, సేఫ్‌సెర్చ్ ఆన్ చేయడం మంచిది. అవి అసభ్యకరమైన వాటిని చాలావరకు వడపోస్తాయి. కానీ ఏ సెట్టింగూ పాప మనసులోని ప్రశ్నను వినలేదు.

5. హిస్టరీ చూసి తీర్పు చెప్పకండి

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వద్దాం. 2006 ఆగస్టులో అమెరికాలోని ఏఓఎల్ సంస్థ, పరిశోధకులకు ఉపయోగపడుతుందని సుమారు 6,50,000 మంది మూడు నెలల్లో వెతికిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను బయటపెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు పెట్టారు కాబట్టి ఎవరినీ గుర్తుపట్టలేరని అనుకుంది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్దిరోజుల్లోనే, కేవలం వెతికిన మాటల ఆధారంగా, ఒక పెద్దావిడ ఎవరో గుర్తుపట్టారు. మనం వెతికిన మాటలే మన చిరునామా అవుతాయన్న పాఠం ప్రపంచానికి ఆ రోజు తెలిసింది.

ఆ కథలో రెండో పాఠం ఇంకా లోతైనది. ఆవిడ వెతికినవాటిలో ఎన్నో జబ్బుల పేర్లున్నాయి. ఆ జాబితా మాత్రమే చూసినవారు ఆవిడ ఆరోగ్యం బాగా దెబ్బతిందని అనుకుంటారు. కానీ ఆవిడ చాలావరకు తన స్నేహితురాళ్ల కోసం వెతికారు. వాళ్ల భయం పోగొట్టాలని ఆ జబ్బుల గురించి చదివేవారు. మనిషి ఎవరో మాటలు పట్టించాయి. ఆ మనిషి మనసులో ఏముందో మాత్రం చెప్పలేకపోయాయి.

పెద్ద సంస్థలు కూడా ఇక్కడ పొరబడ్డాయి. 2008లో గూగుల్, జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ జ్వరాలు ఎక్కడ ఎంత ఉన్నాయో అంచనా వేసే సేవ ప్రారంభించింది. 2012–13 చలికాలంలో అమెరికాలో దాని అంచనా, డాక్టర్ల దగ్గరికి వచ్చిన రోగుల లెక్కల కంటే చాలా ఎక్కువగా తేలింది. వార్తలు చూసి భయపడిన ఆరోగ్యవంతులు కూడా ఫ్లూ గురించి వెతకడం అందుకు ఒక కారణమై ఉండవచ్చని నిపుణులు భావించారు. 2015లో ఆ సేవ ఆగిపోయింది. జ్వరం గురించి వెతికినవారందరికీ జ్వరం లేదు.

మీ అబ్బాయి హిస్టరీలో సిగరెట్ గురించి కనిపిస్తే అతడు తాగుతున్నాడని కాదు. బయాలజీ ప్రాజెక్టు కావచ్చు, స్నేహితుడి గురించిన బెంగ కావచ్చు, వీధిలో విన్న మాట కావచ్చు, మీ ఆరోగ్యం గురించిన భయమే కావచ్చు. సగం మాట టైప్ చేయగానే పెట్టె కింద వచ్చే సూచనలు ఇతరులు వెతికినవాటి నుంచి కూడా వస్తాయి. వాటిలో ఒకదాన్ని పిల్లలు తెలియక నొక్కినా అది హిస్టరీలో చేరుతుంది. తొందరపడి కేకలేస్తే ఆ అబ్బాయి సిగరెట్ గురించి వెతకడం మానడు. మీకు కనిపించకుండా వెతకడం నేర్చుకుంటాడు. ఇక అసలు అవసరం వచ్చిన రోజున కూడా మీ దగ్గరికి రాడు.

కాబట్టి ఇలా చేయండి. ఫోన్ ఇచ్చే రోజే ‘అప్పుడప్పుడు చూస్తాను’ అని పిల్లలకు చెప్పండి, దొంగచాటుగా చూడకండి. ఏదైనా కంగారు పెట్టే మాట కనిపిస్తే అదే రోజు కాసేపు ఆగి, మీ మనసు కుదుటపడ్డాక మాట్లాడండి. అన్నదమ్ముల ముందు, చుట్టాల ముందు వద్దు. ‘ఇది ఎందుకు చూశావురా?’ అని నిలదీయడానికీ, ‘నాన్నా, దీని గురించి ఏమనుకుంటున్నావు, ఎక్కడ విన్నావు?’ అని అడగడానికీ చాలా తేడా ఉంది. మొదటిదానికి పిల్లలు సాకు చెబుతారు. రెండోదానికి సంగతి చెబుతారు.

6. ఆలస్యం చేయకూడని మాటలు

పై నియమానికి ఒక మినహాయింపు ఉంది. చనిపోవడం గురించి, తనకు తాను హాని చేసుకోవడం గురించి, తనను ఎవరో బెదిరిస్తున్నట్టుగా, ఫొటోలతో వేధిస్తున్నట్టుగా పిల్లలు వెతికినట్టు కనిపిస్తే ‘ప్రాజెక్టు కోసమేమోలే’ అని వదిలేయకండి. పరీక్షల ముందు, ఫలితాల సమయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. కారణం చిన్నదే కావచ్చు. అయినా అదే రోజు, ఏకాంతంగా, కోపం లేకుండా నేరుగా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. మానసిక ఆరోగ్య నిపుణులు చెప్పేది వేరు. అలా ప్రేమగా అడగడం వల్ల ఆలోచన పుట్టదు, లోపలి బరువు బయటికి వచ్చే దారి దొరుకుతుంది.

ఆ సంభాషణలో ర్యాంకుల ప్రస్తావన తేకండి. పిల్లవాడిని ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ జాతీయ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలను ఎవరైనా వేధిస్తుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. క్లాస్ టీచర్‌కు లేదా స్కూల్ కౌన్సెలర్‌కు చెప్పండి. మార్కులు తర్వాత చూసుకోవచ్చు.

7. ఈ నెల ఇంటి అభ్యాసం

ఒక ఆదివారం సాయంత్రం 20 నిమిషాలు కేటాయించండి.

మొదటి పని: ఇంట్లో ప్రతి ఒక్కరూ ఈ వారం తాము వెతికిన మూడు విషయాలు కాగితం మీద రాయాలి. పెద్దలు కూడా రాయాలి. చెప్పడం ఇష్టం లేనివి రాయనక్కర్లేదు.

రెండో పని: కాగితాలు మార్చుకుని, ఎదుటివారు అది దేనికోసం వెతికి ఉంటారో ఊహించి పక్కన రాయాలి. తెలుసుకోవడానికా, పని పూర్తిచేయడానికా, ఒక చోటికి చేరడానికా?

మూడో పని: అసలు కారణం రాసినవారే చెప్పాలి. మన ఊహ ఎన్నిసార్లు తప్పిందో లెక్కపెట్టండి. ఒకే ఇంట్లో, ఒకే వంట తినే మనుషుల విషయంలోనే ఇన్ని తప్పులు వస్తే యంత్రం సంగతి పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగో పని: తప్పిన ఊహల్లో ఒకదాన్ని తీసుకుని, ఆ ప్రశ్నను ఇంకా స్పష్టంగా ఎలా రాయవచ్చో పిల్లలనే అడగండి. దేని గురించి, ఎవరి కోసం, ఏ రూపంలో కావాలి అన్న మూడు సంగతులు ప్రశ్నలో ఉన్నాయో లేదో చూసుకోమనండి.

పిల్లలు రాసిన కొత్త ప్రశ్నల్లో మీకు నచ్చినదాన్ని వచ్చే పేరెంట్–టీచర్ మీటింగ్‌కు తెచ్చి క్లాస్ టీచర్‌కు చూపించండి. మీ పిల్లలకు ఏ పాఠం మీద నిజంగా ఆసక్తి ఉందో మార్కుల షీటు చెప్పని సంగతులు కొన్ని ఆ ఒక్క ప్రశ్న చెబుతుంది.